ఎర్ర చెల్కలో కర్బనం: లేజర్ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు?

మట్టిలో ఎంత కర్బనం ఉందో లేజర్ కాంతితో కొలవడం ఇవాళ సాధ్యమే. ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల మండలాల ఎర్ర చెల్కల్లో ఆ కొలత ఎందుకు అవసరం, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నవి నా రెండు ప్రశ్నలు. నా వాదన ముందే చెప్పేస్తాను. మన నేలల్లో కర్బనం లెక్క తేలకపోవడానికి పరికరాల మొరటుతనం కంటే కొలిచే చోట్లు చాలకపోవడమే పెద్ద కారణం. ఒక్కో కొలతలో కాస్త తేడా ఉన్నా సరే, వందల చోట్ల కొలవగలిగే పద్ధతి మనకు కావాలి. లేజర్ అలాంటి పద్ధతి కాగలదు, అయితే అది ఈ మట్టి దగ్గరే చదువుకోవాలి. మరో దేశపు నేల మీద చదువుకుని వచ్చిన యంత్రం ఇక్కడ తప్పు చెబుతుంది. ఆ తప్పుకు మూలం మన మట్టి ఎరుపులోనే ఉంది.

ముందు నేల సంగతి. నాగార్జునసాగర్ రోడ్డు పొడవునా ఉన్న ఈ భూములు ఎక్కువగా గ్రానైటు రాయి చితికి ఏర్పడిన ఎర్ర చెల్కలు, దుబ్బ నేలలు. శాస్త్రవేత్తలు వీటిని ఆల్ఫిసాల్స్ అంటారు. ఇసుక పాలు ఎక్కువ, బంక పాలు తక్కువ. వాన పడితే పైన పొర గట్టిపడుతుంది, నాలుగు రోజులు ఎండ కాస్తే తేమ పోతుంది. సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువ ఉంటే మన భూసార పరీక్షలో 'తక్కువ' కింద రాస్తారు; 0.5 నుంచి 0.75 వరకు 'మధ్యమం', ఆపైన 'ఎక్కువ'. ఈ వర్షాధార చెల్కల్లో అత్యధికం మొదటి గడిలోనే పడతాయి. కారణాలు రైతులకు తెలిసినవే. ఎండల వేడికి సేంద్రియ పదార్థం త్వరగా కుళ్లి బొగ్గుపులుసు గాలిగా పోతుంది. జొన్న చొప్ప పశువులకు, కంది కట్టె, ఆముదం కట్టె పొయ్యిలోకి పోతాయి. పశువులు తగ్గాక పెంట ఎరువు తగ్గింది. ట్రాక్టరు దుక్కి మట్టిని తిరగేసి గాలి తగిలేలా చేస్తుంది. హైదరాబాదులో 1985లో ఏర్పడిన కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, మనమంతా క్రీడా అని పిలిచేది, ఇలాంటి నేలల మీదే హయత్‌నగర్ క్షేత్రంలోను, ఇక్కడికి దగ్గరలోని గున్‌గల్ క్షేత్రంలోను పని చేస్తోంది. ఆముదం, జొన్న పంటల్లో దుక్కి తగ్గించడం, గట్ల మీద గిరిపుష్పం పెంచి ఆ రొట్ట పొలంలో వేయడం లాంటి పద్ధతులను అది ఏళ్ల తరబడి పరీక్షించింది. డాక్టర్ చెరుకుమల్లి శ్రీనివాసరావు బృందం అనంతపురం వేరుశనగ, బెంగళూరు రాగి ప్రయోగాల రికార్డులను లెక్కగట్టినప్పుడు, ఎర్ర నేలల్లో ఉన్న కర్బనం తగ్గకుండా నిలవాలంటేనే హెక్టారుకు ఏటా సుమారు 1.1 టన్నుల కర్బనం మట్టికి చేరాలని తేలింది. పెంచడం ఆ తరవాతి మాట.

పెరిగితే ఎంత పెరుగుతుంది? మన ఇరుగుపొరుగులో దీనికి దీర్ఘకాలపు సాక్ష్యం పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఉంది. 1976లో నల్లరేగడి మీద మొదలైన ప్రయోగంలో మెరుగైన నీటి యాజమాన్యం, పప్పుధాన్యాలు కలిసిన పంటలు, ఎరువులు ఒక పక్క, పాత పద్ధతి మరో పక్క పెట్టారు. 24 ఏళ్ల తరవాత 120 సెంటీమీటర్ల లోతు వరకు చూస్తే మెరుగైన పద్ధతిలో హెక్టారుకు దాదాపు 7 టన్నుల కర్బనం ఎక్కువ తేలింది. ఏడాదికి 0.3 టన్ను. అది కర్బనాన్ని బాగా పట్టి ఉంచే రేగడి, అదీ నాలుగడుగుల లోతున. ఎర్ర చెల్కలో పై అడుగు మట్టికి అదే అంకె వర్తింపజేయడం ఉదారత అవుతుంది. అయినా ఉదారంగానే లెక్క వేద్దాం. ఒక హెక్టారులో 30 సెంటీమీటర్ల లోతు మట్టి 3000 ఘనమీటర్లు. ఘనమీటరుకు టన్నున్నర చొప్పున 4500 టన్నులు. అందులో 0.4 శాతం కర్బనం అంటే 18 టన్నులు. ఏటా 0.3 టన్ను కలిస్తే శాతంలో పెరుగుదల 0.0067. అంటే 0.40 ఉన్నది 0.41 కావడానికి ఏడాదిన్నర పడుతుంది. 2015లో పారిస్ వాతావరణ సదస్సు సందర్భంగా ఫ్రాన్స్ ముందుకు తెచ్చిన 'వెయ్యికి నాలుగు' లక్ష్యం ఇంకా చిన్నది: మన 18 టన్నుల మీద ఏటా 72 కిలోలు, శాతంలో 0.0016. ఈ భూమ్మీద ఏ యంత్రమూ ఒక ఏడాదిలో ఈ మార్పును పొలంలో పట్టలేదు. కార్బన్ క్రెడిట్ల పేరుతో ఏటా కొలిచి ఏటా డబ్బులిస్తామని ఎవరైనా ఊళ్లోకి వస్తే, ఈ ఒక్క అంకె వాళ్ల ముందు పెట్టండి.

ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతి 1934 నాటిది. వాక్లీ, బ్లాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇచ్చింది. చిటికెడు మట్టిలో పొటాషియం డైక్రోమేటు ద్రావణం, గాఢ గంధకామ్లం పోస్తే పుట్టే వేడికి సేంద్రియ కర్బనం ఆక్సీకరణం చెందుతుంది. మిగిలిన డైక్రోమేటును టైట్రేషన్‌లో కొలిచి కర్బనం ఎంత కాలిందో లెక్క కడతారు. ఈ వేడికి కర్బనం మొత్తం కాలదు. సగటున నాలుగింట మూడొంతులే, అంటే దాదాపు 77 శాతం కాలుతుందని అనుకుని ఫలితాన్ని 1.3తో హెచ్చిస్తారు. ఆ 77 శాతం ఒక సగటు మాత్రమే, నేలను బట్టి మారుతుంది. పైగా ప్రతి పరీక్షా క్రోమియం కలిసిన ఆమ్లాన్ని వ్యర్థంగా మిగులుస్తుంది. 2015 ఫిబ్రవరిలో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో 12 అంశాలు పరీక్షించాలి, సేంద్రియ కర్బనం వాటిలో ఒకటి. వర్షాధార భూమిలో పది హెక్టార్లకు ఒక నమూనా, నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు ఒకటి అని నియమం. పది హెక్టార్లంటే పాతిక ఎకరాలు. మన మండలాల్లో అది ఎందరో రైతుల కమతాలు కలిస్తే వచ్చే విస్తీర్ణం. ఎరువుల మోతాదు చెప్పడానికి అది సరిపోతుందేమో గాని, కర్బనం పెరిగిందా తగ్గిందా అని తేల్చడానికి ఎంతమాత్రమూ సరిపోదు. ప్రయోగశాలల్లో ఇంతకంటే మేలైన పద్ధతి ఉంది: మట్టిని 900 డిగ్రీలకు పైన కాల్చి, వెలువడిన బొగ్గుపులుసు గాలిని కొలవడం. ప్రపంచమంతా దాన్నే ప్రమాణంగా తీసుకుంటారు. ఆ యంత్రం ఖరీదైనది, దాని ఆక్సిజన్, హీలియం సిలిండర్లు ఖరీదైనవి, నమూనా తయారీకి రోజులు పడతాయి.

లేజర్ పద్ధతి పూర్తి పేరు లేజర్ ప్రేరిత విచ్ఛిన్న వర్ణపటమాపనం. పొట్టిగా లిబ్స్ అంటారు. సెకనులో వందకోట్లో వంతులు కొన్ని మాత్రమే ఉండే లేజర్ కాంతి తునకను కటకంతో మట్టి బిళ్ల మీద మిల్లీమీటరు కంటే చిన్న చుక్కగా పడేస్తారు. ఆ చుక్కలోని పదార్థం క్షణంలో ఆవిరై, పదివేల డిగ్రీలు దాటిన ప్లాస్మాగా మారుతుంది. మొదట అన్ని రంగులూ కలిసిన వెలుగు వస్తుంది. మైక్రోసెకను అటూ ఇటూగా ఆగి చూస్తే ఆ వెలుగు తగ్గి, ఒక్కో మూలకం తనకే ప్రత్యేకమైన తరంగదైర్ఘ్యాల దగ్గర గీతలుగా మెరుస్తుంది. గీత ఎంత ప్రకాశంగా ఉంటే ఆ మూలకం అంత ఎక్కువ. మట్టిని ఆమ్లంలో వేయనక్కర్లేదు, కాల్చనక్కర్లేదు, ఒక్కో పేలుడుకు సెకను కూడా పట్టదు. ఈ విద్య మనకు పరాయిది కాదు. 2023 ఆగస్టులో చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో ప్రజ్ఞాన్ రోవర్ గంధకాన్ని కనిపెట్టింది లిబ్స్‌తోనే. ఆ పరికరం బెంగళూరులోని ఇస్రో ప్రయోగశాలలో తయారైంది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య సోమా వేణుగోపాలరావు బృందం పేలుడు పదార్థాలను గుర్తించడానికి ఇదే పద్ధతి మీద ఏళ్లుగా పని చేస్తోంది. పేలుడు పదార్థాల్లోనూ వాళ్లు వెతికేది కర్బనం, హైడ్రోజన్, నత్రజని, ఆక్సిజన్ గీతలనే. మట్టి కర్బనానికి దీన్ని వాడవచ్చని అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాలకు చెందిన డేవిడ్ క్రెమర్స్ బృందం 2001లో చూపించింది. కిలో మట్టిలో 300 మిల్లీగ్రాముల కర్బనం, అంటే 0.03 శాతం వరకు అది పసిగట్టగలిగింది. ఒకే నమూనాను మళ్లీమళ్లీ కొలిస్తే వచ్చే తేడా 4, 5 శాతం. ప్రామాణిక పద్ధతితో పోలిస్తే తేడా 3 నుంచి 14 శాతం.

చంద్రుడి మీద పనిచేసింది ఇబ్రహీంపట్నంలో పనిచేయదా అని అడగవచ్చు. చంద్రుడి మీద అడిగిన ప్రశ్న తేలిక: గంధకం ఉందా, లేదా? మనం అడిగేది 0.40 ఉందా, 0.43 ఉందా అని. కర్బనానికి వాడదగ్గ బలమైన గీతలు ప్రధానంగా రెండు. ఒకటి 247.86 నానోమీటర్ల దగ్గర, రెండోది 193.03 దగ్గర. మొదటిది మామూలు వర్ణపటమాపకానికి సులువుగా అందుతుంది, అందుకే తొలి ప్రయోగాలు ఎక్కువగా దాని మీదే జరిగాయి. అయితే ఆ గీతకు ఆనుకుని, నానోమీటరులో పదో వంతు కూడా ఎడం లేకుండా, ఇనుము గీతలున్నాయి. మట్టిలో ఇనుము తక్కువగా ఉంటే ఇబ్బంది లేదు. మన చెల్కకు ఆ ఎరుపు ఇచ్చిందే ఇనుము ఆక్సైడు. కర్బనం అర శాతం లోపు, ఇనుము దానికి ఎన్నో రెట్లు. అంటే యంత్రం కర్బనమని చదివే వెలుగులో ఇనుము వాటా కలిసిపోతుంది. ఇనుము తక్కువగా ఉన్న నేల మీద తయారైన లెక్కసూత్రాన్ని యథాతథంగా ఇక్కడ వాడితే, ఎంత ఎర్రటి మట్టి అయితే అంత కర్బనం ఉన్నట్టు చూపిస్తుంది. పేద చెల్క సంపన్న రేగడిలా కనిపిస్తుంది. ఈ చిక్కును మనకంటే ముందు ఎదుర్కొన్నవాళ్లు బ్రెజిల్ శాస్త్రవేత్తలు. అక్కడి ఉష్ణమండల ఎర్ర నేలలు మనవాటికంటే కూడా ఇనుము నిండినవి. సావ్ కార్లోస్‌లో ఎంబ్రాపా సంస్థకు చెందిన డెబొరా మిలోరి బృందం దీని మీద ఓపికగా పని చేసింది. 193 దగ్గరి గీతకు మారితే ఇనుము బాధ తగ్గుతుంది గాని అక్కడ అల్యూమినియం అడ్డొస్తుంది. ఎర్ర మట్టిలో అల్యూమినియానికీ కొదవ లేదు. వాళ్లు చేసిందేమిటంటే, అదే వర్ణపటంలో మరో చోట ఒంటరిగా ఉన్న అల్యూమినియం గీతను చూసి, ఆ మూలకం ఎంత ఉందో అంచనా కట్టి, కర్బనం గీత నుంచి దాని వాటా తీసేయడం. అడ్డుపడే మూలకం కూడా అదే పేలుడులో తన సాక్ష్యం తానే ఇస్తుంది కాబట్టి ఇది సాధ్యమైంది. 193 గీతకు ఇంకో పేచీ కూడా ఉంది. ఆ కాంతిని గాలిలోని ఆక్సిజనే మింగేస్తుంది. కాంతి దారిలో ఆర్గాన్ లాంటి వాయువు నింపాలి, పరికరం ధర పెరుగుతుంది.

ఇనుము చేసిన చేటుకు కొంత పరిహారం సున్నం విషయంలో దొరుకుతుంది. లేజర్ అణువులన్నిటినీ పరమాణువులుగా విడగొట్టేస్తుంది కాబట్టి కర్బనం ఆకు కుళ్లి వచ్చిందా, సున్నపురాయిలోదా అన్న తేడా దానికి తెలియదు. కాల్షియం కార్బొనేటులోనూ కర్బనం ఉంది. నల్లరేగళ్లలో సున్నపు గులకలు మామూలు. అక్కడ లేజర్ చెప్పే అంకెలో సగం సున్నానిదే కావచ్చు. నిజానికి కాల్చి కొలిచే ప్రామాణిక పద్ధతికీ ఇదే లోపం ఉంది. ముందు ఆమ్లంతో సున్నాన్ని తొలగించాలి. ఎర్ర చెల్కలు చాలావరకు సున్నం లేని నేలలు. ఇక్కడ మొత్తం కర్బనమే దాదాపు సేంద్రియ కర్బనం. ఇబ్రహీంపట్నం డివిజన్‌లో రేగడి పట్టీలు, చౌడు మడులు అక్కడక్కడా ఉన్నాయి కనుక రెండు చుక్కల ఆమ్లం వేసి నురగ వస్తుందో లేదో చూసి, నురగ వచ్చిన నమూనాను పక్కన పెట్టడం చాలు.

ఇక అసలు వాదన. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. పొలం అలా కాదు. ఎకరం చెల్కలో గట్టు పక్కన ఒక రకం, వాలు మీద ఒక రకం, వేప చెట్టు కింద, పాత పెంటకుప్ప చోట, గొర్రెల మంద కూర్చున్న చోట తలా ఒక రకం. ఒకే పొలంలో చోటుకూ చోటుకూ కర్బనం సగటు మీద 25 శాతం అటూ ఇటూ ఉందని అనుకుందాం; ఇది వాదన కోసం తీసుకున్న అంకె, అయినా అతిశయోక్తి కాదు. ఒక్క చోట మట్టి తీసి ప్రపంచంలోకెల్లా మేలైన యంత్రంలో కొలిస్తే పొలం సగటు విషయంలో మన అనిశ్చితి 25 శాతమే. యంత్రం గొప్పదనం దాన్ని పైసా తగ్గించదు. 25 చోట్ల తీస్తే గణాంకశాస్త్రం ప్రకారం అది అయిదో వంతుకు, అంటే 5 శాతానికి దిగుతుంది. ఇప్పుడు అదే 25 చోట్ల ఒక్కో కొలతలో 10 శాతం పొరపాటు చేసే లేజర్ వాడామనుకోండి. రెండు అనిశ్చితులూ కలిస్తే ఒక్కో చోట 26.9 శాతం, పాతిక చోట్ల సగటుకు 5.4 శాతం. పరికరం అంత తడబడినా మనం పోగొట్టుకున్నది అర శాతం కూడా లేదు. ఇంకొంచెం ముందుకు పోదాం. అయిదేళ్ల తరవాత మళ్లీ కొలిచి తేడా చూస్తే రెండు విడతల అనిశ్చితులూ కలిసి 7.6 శాతం, 18 టన్నుల మీద 1.4 టన్నులు అవుతుంది. అయిదేళ్లలో మనం ఆశించిన పెరుగుదల 1.5 టన్నులు. నిజమో భ్రమో గట్టిగా చెప్పలేని స్థితి. అదే వంద చోట్ల కొలిస్తే తేడాలోని అనిశ్చితి 0.7 టన్నుకు తగ్గుతుంది. పెరుగుదల దానికి రెట్టింపు దాటింది కాబట్టి పెరిగిందని ధైర్యంగా అనవచ్చు. వంద నమూనాలను రెండు విడతలు ప్రామాణిక ప్రయోగశాలకు పంపే స్తోమత ఈ మండలంలో ఏ రైతుకూ లేదు, ఏ రైతు ఉత్పత్తిదారుల సంఘానికీ లేదు. లేజర్‌కు వంద నమూనాలంటే మధ్యాహ్నం లోపు పని. ఆరబెట్టడం, దంచడం, జల్లించడం, బిళ్లలు నొక్కడం మాత్రం మనుషులు చేయాల్సిందే. యంత్రాలు అమ్మేవాళ్లు దీన్ని చెప్పడం మరిచిపోతారు.

దీనికి భూసార పరీక్షలు చేసే సిబ్బంది వెంటనే ఒక అభ్యంతరం చెబుతారు, అది తీసిపారేసేది కాదు. వంద చోట్ల మట్టి తీయండి, గోనెపట్టా మీద పోసి బాగా కలపండి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలోకు తెండి, ఆ ఒక్కదాన్నే ప్రయోగశాలకు పంపండి; సగటు వస్తుంది కదా, వంద పరీక్షలెందుకు? సగటు వస్తుంది, ఒప్పుకోవాల్సిందే. ఎరువుల సిఫారసుకు అదే సరైన పద్ధతి. కాని కలిపిన నమూనా సగటు ఒక్కటే చెప్పి, ఆ సగటు చుట్టూ ఎంత చెదురు ఉందో చెరిపేస్తుంది. మొదటి విడత 0.40, రెండో విడత 0.43 వచ్చిందనుకోండి. చెదురు తెలియకుండా ఈ 0.03 నిజమైన పెరుగుదలా, ఈసారి గడ్డపార పెంటకుప్ప చోట పడడమా అని చెప్పే మార్గం లేదు. పైగా విడివిడి కొలతలుంటే అయిదేళ్ల తరవాత అవే చోట్లకు, జీపీఎస్ సాయంతో, మళ్లీ వెళ్లి జతలు జతలుగా పోల్చవచ్చు. అప్పుడు నేను పైన చెప్పిన వంద చోట్ల అవసరం కూడా తగ్గుతుంది.

రెండో అభ్యంతరం భౌతికశాస్త్రం చదివినవాళ్ల నుంచి వస్తుంది, ఇది మరింత బలమైనది. ఎన్ని చోట్ల కొలిస్తే ఏం, సగటు వల్ల తగ్గేది అటూ ఇటూ పడే పొరపాటే. యంత్రం ప్రతిసారీ ఒకే వైపు తప్పుతుంటే, ఇనుము వల్ల ప్రతి అంకెకూ 0.05 అదనంగా కలుస్తుంటే, లక్ష కొలతలు తీసినా ఆ 0.05 అక్కడే ఉంటుంది. నిజమే. దానికి కొందరు చెప్పే సమాధానం, మనకు కావలసింది తేడా కదా, రెండు విడతల్లోనూ ఒకే తప్పు ఉంటే తీసివేతలో అది పోతుంది కదా అని. ఈ సమాధానం నాకు చాలదు. తప్పు రెండు విడతల్లోనూ ఒకటే ఉండాలంటే మట్టిలో కర్బనం తప్ప మరేదీ మారకూడదు, యంత్రమూ మారకూడదు. అయిదేళ్లలో లేజర్ శక్తి తగ్గుతుంది, కటకానికి దుమ్ము పడుతుంది, బహుశా యంత్రమే మారుతుంది. మట్టిలో తేమ రెండు శాతం ఎక్కువున్నా ప్లాస్మా చల్లబడి గీతలు మసకబారతాయి. పైపొర కొట్టుకుపోయి కింది ఎర్రమట్టి పైకొస్తే ఇనుము పాలే మారుతుంది. ఏకపక్ష తప్పును సరిదిద్దే మార్గం ఒక్కటే: ఈ నేల నుంచే తీసిన, కాల్చే పద్ధతిలో జాగ్రత్తగా కొలిచి అంకె రాసిపెట్టిన మట్టి నమూనాల భాండాగారం. ఎర్ర చెల్క, దుబ్బ, గరువు, చెరువు కింద మడి, వివిధ లోతులు, వివిధ ఎరుపులు, అన్నిటికీ ప్రాతినిధ్యం ఉండాలి. లేజర్ ప్రతి రోజూ పని మొదలుపెట్టే ముందు వాటిలో కొన్నిటిని చదివి, తన అంకె సరిచేసుకోవాలి. ప్రతి ఇరవై పొలం నమూనాల్లో ఒకటి ప్రామాణిక పద్ధతికి వెళ్లాలి. డబ్బు పెట్టాల్సింది ముందుగా ఇక్కడ. యంత్రం పాతబడుతుంది, సీసాల్లోని మట్టి పాతబడదు. ఇంగ్లండులోని రోతమ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన పొలం ప్రయోగాల మట్టి నమూనాలను దాచి ఉంచారు కాబట్టే, ఆనాడు ఊహకైనా అందని పరికరాలతో ఇవాళ వాటిని మళ్లీ కొలవగలుగుతున్నారు.

ఈ రెండు అభ్యంతరాలు కాక మూడో చిక్కు మన చెరువులది. నాకు దీని మీదే ఎక్కువ ఆసక్తి, ఎందుకంటే బయటి దేశాల పుస్తకాల్లో ఇది కనిపించదు. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా పేరు మోస్తున్న ఇబ్రహీంపట్నం పెద్దచెరువు మొదలు తెలంగాణలో ప్రతి ఊరి చెరువూ చుట్టుపక్కల భూముల నుంచి కొట్టుకొచ్చిన సన్నమట్టిని, ఆకు అలమును శతాబ్దాలుగా పోగుచేసుకుంది. ఎండాకాలంలో ఆ పూడిక తీసి చెల్కకు తోలడం పాత అలవాటు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ దాన్ని పెద్దఎత్తున చేసింది. ఎకరానికి పదుల కొద్దీ ట్రాక్టర్లు తోలితే బంక పాలు పెరుగుతుంది, తేమ నిలుస్తుంది, కర్బనం అంకె ఒక్కసారిగా ఎగబాకుతుంది. పంటకు మేలే. వాతావరణానికి? ఆ కర్బనం గాలి నుంచి కొత్తగా దిగింది కాదు, చెరువు నుంచి పొలానికి చోటు మారింది. ఒకవేళ చెరువు అడుగున గాలి తగలకుండా భద్రంగా ఉన్నది పొలంలో ఎండకు, గాలికి చేరి త్వరగా కరిగిపోనూవచ్చు. లేజర్‌కు ఈ చరిత్ర తెలియదు. కాల్చే యంత్రానికీ తెలియదు. ఏ పరికరమూ చెప్పలేని ఈ సంగతి రైతు నోటి మాట మీద, తోలకం తేదీ, ట్రాక్టర్ల లెక్క రాసిన కాగితం మీద ఆధారపడి ఉంది. అందుకని ప్రతి కొలతతో పాటు పొలం చరిత్ర నమోదు కావాలి. అయితే ఇక్కడ లిబ్స్ ఒక చిన్న సాయం చేయగలదు. అది కర్బనాన్నే కాక ఇనుము, అల్యూమినియం, సిలికాన్, కాల్షియం, మెగ్నీషియం గీతలను కూడా అదే పేలుడులో చూస్తుంది. పూడిక మట్టి పడిన చోట ఆ మూలకాల పాళ్లు చెల్క పాళ్లకు భిన్నంగా ఉండాలి. సిలికాన్‌తో పోల్చి అల్యూమినియం హఠాత్తుగా పెరిగిన నమూనాలను విడిగా పెట్టి, 'ఇక్కడ చెరువు మట్టి తోలారా' అని అడగవచ్చు. టైట్రేషన్ సీసా ఈ ప్రశ్న కూడా లేవనెత్తలేదు.

ఏటా డబ్బులిస్తామనేవాళ్ల మాట ముందే వచ్చింది కాబట్టి దాన్నీ తేలుద్దాం. కేంద్ర ప్రభుత్వం 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని ప్రకటించింది. 2024 జనవరిలో వ్యవసాయ శాఖ రైతుల కోసం స్వచ్ఛంద కార్బన్ మార్కెట్‌కు చట్రం విడుదల చేసింది. సంస్థల ప్రతినిధులు ఊళ్లు తిరుగుతున్నారు. ఏటా హెక్టారుకు 0.3 టన్ను కర్బనం అంటే 1.1 టన్నుల బొగ్గుపులుసు గాలి, ఎకరానికి 0.45 టన్ను. టన్నుకు 800 రూపాయలు వస్తాయనుకున్నా ఎకరానికి ఏడాదికి 360. మధ్యవర్తి వాటా, తనిఖీ ఖర్చు, పరీక్షల ఖర్చు పోగా మిగిలేదెంతో మీరే చూసుకోండి. లేజర్ పరీక్ష ఖర్చును తగ్గించి ఈ లెక్కను కాస్త మెరుగుపరచగలదే తప్ప తలకిందులు చేయలేదు. పైగా మన దగ్గర భూమి చేతులు మారే వేగం తెలియనిది కాదు. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక ఈ దారిలో ఎన్ని చెల్కలు ప్లాట్లయ్యాయో మీకు కనిపిస్తూనే ఉంది. ప్లాటు చేసి పైమట్టి లేపేస్తే అయిదేళ్ల కర్బనం దానితోపాటే పోతుంది. అందుకని కర్బనం కొలతకు క్రెడిట్ల బేరం ముఖ్య ప్రయోజనమని నేను అనను. గిరిపుష్పం రొట్ట వేసిన పొలం, వేయని పొలం మధ్య తేడా ఎన్నేళ్లకు కనిపిస్తుంది, పచ్చిరొట్టగా జనుము మేలా, జీలుగ మేలా, దుక్కి తగ్గిస్తే ఈ దుబ్బలో నిజంగా కర్బనం నిలుస్తుందా, ఇవి ముందు తేలాలి. వీటికి జవాబు కావాలన్నా వందల కొలతలే కావాలి.

చివరగా, లేజర్ బదులు పరారుణ కాంతి పరావర్తనంతో కొలిచే పద్ధతి ఇంకా చవక కదా, చేతిలో పట్టే పరికరాలు కూడా వచ్చాయి కదా అని ఒక మాట ఉంది. చవకన్నది నిజం. ఆ పద్ధతి మట్టి అణువుల బంధాలు మింగిన కాంతిని చూసి, పెద్ద నమూనా భాండాగారంతో పోల్చి, కర్బనాన్ని అంచనా కడుతుంది. లేజర్ మూలకాన్ని నేరుగా చూస్తుంది. కర్బనం అర శాతం లోపు ఉన్న ఇసుక నేలలో పరారుణ సంకేతం బలహీనమైనది, ఇనుము ఆక్సైడు రంగు దాన్నీ ఇబ్బంది పెడుతుంది. ఇక్కడ ఏది గెలుస్తుందో వాదనతో తేలదు. ఒకే భాండాగారంలోని అవే సీసాలను రెండింటితో చదివించాలి. ఆ పని ఇక్కడే చేయవచ్చు. గున్‌గల్‌లో ఏళ్ల తరబడి రికార్డులున్న చెల్క క్షేత్రం ఉంది. లేజర్ విద్య తెలిసినవాళ్లు గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఉన్నారు. ఈ రోడ్డు మీద వరసగా ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, వాటిలో ఏటా ప్రాజెక్టు విషయం కోసం వెతుక్కునే విద్యార్థులున్నారు. మట్టి తీయడం, ఆరబెట్టడం, జల్లించడం, సీసా మీద సర్వే నంబరు బదులు సంకేత సంఖ్య, లోతు, తేదీ, గత అయిదేళ్ల పంట, తోలిన ఎరువు, తోలిన పూడిక రాయడం, ఇవి వాళ్లు చేయగల పనులు. సీసాలు ఎవరి దగ్గర ఉంటాయి, అంకెలు ఎవరి సొత్తు, కార్బన్ సంస్థ అడిగితే ఇవ్వాలా వద్దా అన్నవి మాత్రం మొదటి గడ్డపార దిగక ముందే రైతులతో కూర్చుని రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఒక ఎండాకాలంలో, దుక్కులు పడక ముందు, మూడు మండలాల నుంచి మూడు వందల సీసాలు నింపగలిగితే, మొదటి భాండాగారానికి అవి చాలు.